టెనర్‌కి మెటల్ మౌత్‌పీస్: చేతిలో ఏడు వేలు, మనసులో ఎనిమిదో నంబరు

ప్రశ్న: మాష్టారూ, నమస్కారం. మాది రాయగడ. నాలుగేళ్లుగా టెనర్ శాక్సోఫోన్ వాయిస్తున్నాను. ఆదివారాలు చర్చిలో క్వయిర్‌తో, పెళ్లిళ్ల సీజన్‌లో బ్యాండు మేళంతో. నా దగ్గరున్నది యమహా 4సి మౌత్‌పీస్, రెండున్నర రీడు. ఊరేగింపులో డోళ్లు, వెనక డీజే బాక్సులు మోగుతుంటే నా వాద్యం నాకే వినపడదు. మా బ్యాండు మాష్టారు మెటల్ మౌత్‌పీస్ కొనమంటున్నారు, అదీ ఎనిమిదో నంబరే కొనాలంటున్నారు. ఓటో లింక్ కంపెనీ మెటల్ మౌత్‌పీస్ ధర చూసి కళ్లు తిరిగాయి. అచ్చం అలాగే ఉన్న బంగారు రంగుది, కంపెనీ పేరు లేనిది, ఆన్‌లైన్‌లో రెండు వేల చిల్లరకి దొరుకుతోంది. ఐదు నుంచి తొమ్మిది దాకా నంబర్లున్నాయి. నేను ఏడు వేలకి మించి పెట్టలేను. ఏది కొనమంటారు?

జవాబు: బాబూ, ముందు ఆ ఎనిమిదో నంబరు సంగతి తేల్చేస్తాను. వద్దు.

మీ మాష్టారి మాట తీసిపారేయడం లేదు. ఆయన ఏళ్ల తరబడి ఊదిన పెదవితో చెబుతున్నారు, నువ్వు నాలుగేళ్ల పెదవితో కొనబోతున్నావు. నీ 4సి కొసన, ఊదితే ఊగే పల్చటి రీడుకీ మౌత్‌పీస్ అంచుకీ మధ్య సందు 1.7 మిల్లీమీటర్లు. ఓటో లింక్ ఎనిమిదో నంబరులో అదే సందు 2.8 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. తేడా మిల్లీమీటరు పైచిలుకే. కానీ ఆ సందులో ఊగే రీడుని అదుపులో పెట్టాల్సింది నీ కింది పెదవే. అదీ కుర్చీలో కూర్చుని కాదు, గోతుల రోడ్డు మీద నడుస్తూ, రెండు మూడు గంటలు.

ఇదేమీ పుస్తకం చూసి చెబుతున్న మాట కాదు. పాతికేళ్ల కిందట ఒక పెద్ద ఊళ్లో, అద్దాల బీరువాలో బంగారంలా మెరుస్తున్న మౌత్‌పీస్ చూసి మనసు పారేసుకున్నాను. దాని మీద 9 అని ఉంది. పెద్ద నంబరైతే పెద్ద శబ్దం అనుకున్నాను. కొట్టతనూ అదే అన్నాడు. మర్నాడే బరంపురంలో పెళ్లి. గోసానినువాగాం నుంచి అస్కా రోడ్డులో మండపం దాకా ఊరేగింపు. మొదటి పావుగంట నా అంతటివాడు లేడు. మేడల మీద నుంచి జనం తొంగి చూశారు. అరగంటకి కింది పెదవి మొద్దుబారింది. ముప్పావు గంటకి నోటి మూలల్లోంచి గాలి బుస్సుమని పోతోంది, పై స్వరాలు ఒక్కొక్కటే కిందకి జారుతున్నాయి. పక్కన ట్రంపెట్ వాయించే పెద్దాయన నా వైపు ఒకసారి చూసి, ఏమీ అనకుండా నా పాట కూడా తనే ఎత్తుకున్నాడు. పెళ్లికొడుకు మావయ్య పది రూపాయల నోటు పట్టుకుని నా దగ్గరికే వచ్చాడు. నా బుగ్గలు చూసి, ‘గాలయిపోయిందేటి బాబూ?’ అని, ఆ నోటు ట్రంపెట్ ఆయన జేబులో పెట్టి వెళ్లిపోయాడు.

కాబట్టి నంబరు దగ్గర తొందరపడకు. ఆ మాటకొస్తే కొనడం దగ్గర కూడా తొందరపడకు. ‘నా వాద్యం నాకే వినపడదు’ అని రాశావు. వాయించేవాడికి వినపడకపోవడం వేరు, ఎదర నిలబడ్డవాళ్లకి వినపడకపోవడం వేరు. టెనర్ బెల్లు, అదే గరాటులాంటి మూతి, నీ చెవి వైపు తిరిగి ఉండదు కదా. ఈసారి ఊరేగింపులో స్నేహితుడెవరినైనా ముప్పై అడుగులు ముందు నడవమను. అతనికి పాట తెలుస్తుంటే నీ కష్టం సగమే. డీజే బాక్సుకి సరిగ్గా ముందు నడిచేవాణ్ణి మాత్రం ఏ మౌత్‌పీసూ కాపాడలేదు. బాక్సుల బండికీ మేళానికీ మధ్య ఒక లారీ పట్టేంత దూరం ఉంచమని పెళ్లివారికి ముందే చెప్పించు. దీనికి పైసా ఖర్చు లేదు.

రెండోది, వాద్యం గాలి వదిలేస్తోందేమో చూశావా? మన వైపు బ్యాండు మేళాల్లో చాలామంది దగ్గర చేతులు మారిన వాద్యాలే ఉంటాయి. ప్యాడ్లు ఎండి, గట్టిపడి, రంధ్రాల మీద సరిగ్గా కూర్చోవు. రాత్రి గదిలో లైట్లన్నీ ఆపి, పండగకి కట్టే సన్నటి ఎల్ఈడీ లైట్ల దండని వాద్యం గొట్టంలోకి దించు. మీటలు మామూలుగా వాయించేటంత బలంతోనే నొక్కు. మూసుకోవాల్సిన ప్యాడు కింద నుంచి వెలుగు గీతలా కనపడితే గాలి కూడా అక్కడి నుంచే పోతోంది. అలాంటి వాద్యానికి పాతిక వేల మౌత్‌పీస్ పెట్టినా చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే. ముందు ఆ ప్యాడ్లు మార్పించుకో.

ఇవి చూసుకున్నాక కూడా కొనాలనిపిస్తే, అప్పుడు అసలు విషయం మాట్లాడుకోవచ్చు.

మెటల్ అయితే గట్టిగా మోగుతుందని మన మేళాల్లో అందరికీ ఒక నమ్మకం. ఇత్తడి గంట మోగుతుంది, చెక్క గంట మోగదు అన్న లెక్క. కానీ శాక్సోఫోన్‌లో మోగేది లోపలి గాలి. మౌత్‌పీస్ గోడ రబ్బరుదైనా ఇత్తడిదైనా ఆ గాలికి కావలసింది దారి ఎలా ఉందన్నదే. మౌత్‌పీస్‌ని వెలుతురు వైపు తిప్పి కొస నుంచి లోపలికి చూడు. రీడు నేల అనుకుంటే, దానికి ఎదురుగా పైకప్పులాంటి భాగం ఉంటుంది. దాన్ని బాఫిల్ అంటారు. ఆ కప్పు రీడు మీదకి దిగి ఉంటే గాలి ఇరుకులోంచి దూసుకుపోతుంది, శబ్దం పదునెక్కుతుంది. చెరువు తూములోంచి వచ్చే నీళ్లు చూశావు కదా, అదే నీరు కాలవలో పడ్డాక ఎంత నెమ్మదిగా పోతుంది! కప్పు లోపలికి వాలిపోయి, దాని వెనక గది విశాలంగా ఉంటే శబ్దం గుండ్రంగా, బరువుగా వస్తుంది. ఆ గదిని చేంబర్ అంటారు. బాఫిల్, చేంబర్, కొసన ఉండే సందు. నీ డబ్బు పోయేది ఈ మూడింటికే. లోహం వీటి తరవాతే.

తమాషా ఏమిటంటే, నీ మనసు పడ్డ ఓటో లింక్ మెటల్ మౌత్‌పీస్ అరిచే రకమే కాదు. దాని చేంబర్ పెద్దది, బాఫిల్ రీడుకి దూరంగా లోపలికి వాలి ఉంటుంది. పేరుమోసిన జాజ్ వాద్యకారుడు జాన్ కోల్ట్రేన్ వాడింది ఓటో లింక్ మెటల్‌దే. ఆ గొంతు నిండుగా ఉంటుంది, కానీ ఆయన ముందు మైకు ఉంది, వెనక డీజే లేదు. అంటే నువ్వు పాతిక వేలు అప్పు చేసి అసలుదే కొన్నా, రాయగడ రోడ్డు మీద నీకు కావలసిన పదును దాంతో రాకపోవచ్చు. ఇంక రెండు వేల చిల్లరది పైకి లింక్‌లా ఉంటుంది గానీ, లోపల ఏ ఆకారం ఉందో ఫొటోలో కనపడదు.

నీకొచ్చిన ఇబ్బంది కొత్తదీ కాదు. 1846లో పారిస్‌లో అడాల్ఫ్ సాక్స్ ఈ వాద్యానికి పేటెంటు తీసుకున్న కాలంలో మౌత్‌పీస్ లోపలి గది బాగా విశాలంగా, గుండ్రంగా ఉండేది. మెత్తటి గొంతు. తరవాత డ్యాన్సు బ్యాండ్లు పెద్దవయ్యాయి, ట్రంపెట్లు, డ్రమ్ములు పెరిగాయి, ఆపైన ఎలక్ట్రిక్ గిటార్లు వచ్చాయి. వాటి మధ్య వినపడాలని గది చిన్నదవుతూ, బాఫిల్ రీడు మీదకి దిగుతూ వచ్చింది. వాళ్లకి గిటారు, నీకు డీజే.

మరి మెటల్ ఎందుకు చేస్తారంటే, లోహంతో గోడ పల్చగా చేయొచ్చు. అందువల్ల ముక్కు భాగం సన్నగా ఉండి నోట్లో ఇమిడిపోతుంది. కొంతమందికి ఆ సన్నదనం ఎంత హాయో, రబ్బరుది మళ్లీ ముట్టరు. నాకూ అదే ఇష్టం. పైగా ఎత్తు బాఫిల్ (రీడు మీదకి దిగి ఉన్నదాన్నే అలా అంటారు), చిన్న చేంబర్ ఉన్న రకాలు మెటల్‌లో ఎక్కువగా చేస్తారు కాబట్టి మెటల్ అంటేనే గట్టి శబ్దం అన్న పేరు పడిపోయింది. నిజానికి రికో కంపెనీ మెటలైట్ అని ఒకటి అమ్మింది. పేరులో మెటల్ ఉంది గానీ అది ప్లాస్టిక్ జాతిది. బాఫిల్ ఎత్తుగా ఉంటుంది. కళ్లు మూసుకుని వింటే మెటల్ అనే అంటావు. ధర అసలు లింక్ ధర కన్నా చాలా తక్కువ.

అందుకని నీ ఏడు వేలకి నా లెక్క ఇది. మొదట మెటలైట్ వెతుకు, ఎం5 అన్నది. ఎం7 జోలికి ఇప్పుడే పోకు, ఎం9 అసలు వద్దు. ఆన్‌లైన్‌లో చూడు, లేదంటే కోల్‌కతా వెళ్లేవాళ్లెవరైనా ఉంటే లాల్‌బజార్ వైపు వాద్యాల దుకాణాల్లో అడిగించు. దొరికితే ఊరేగింపు గొడవ చాలావరకు తీరినట్టే. కాకపోతే చూడ్డానికి చవగ్గా ఉంటుంది. ‘మెటల్ కొనమంటే ఈ ప్లాస్టిక్ ఏంట్రా’ అని మీ మాష్టారు అంటే, కళ్లు మూసుకుని వినమను.

లేదు, మెటల్‌దే కావాలి, నోట్లో ఆ సన్నదనమే కావాలి అంటావా, తప్పేమీ లేదు. అప్పుడు రెండు మూడు వేల మధ్యలో కంపెనీ పేరు లేనిదే తీసుకో, ఆరో నంబరు. ఆరు లేకపోతే ఏడు. కానీ నచ్చకపోతే వాపసు తీసుకుంటామని రాసి ఉన్న చోట మాత్రమే. ఈ చవక సరుకులో పది కొంటే పదీ ఒకలా ఉండవు. ఒకటి ముత్యంలా ఉంటుంది, దాని పక్కది పేపర్‌వెయిట్‌కి పనికొస్తుంది. బేరం అంతా వాపసులోనే ఉంది. అదే ధరకి ఓటో లింక్ అని పేరు చెక్కి అమ్ముతుంటే మాత్రం ఆ పేజీ మూసెయ్. పేరు దొంగిలించినవాడు కొలత సరిగ్గా పెడతాడని నేను నమ్మను. టెనర్‌దా, దానికన్నా చిన్న శాక్సోఫోన్ అయిన ఆల్టోదా అన్నది కూడా రెండుసార్లు చూసుకో. ఒకే ఫొటో పెట్టి రెండూ అమ్ముతారు, ఆల్టోది నీ వాద్యం మెడకి, అంటే మౌత్‌పీస్ తొడిగే వంపు గొట్టానికి, పట్టదు. శాక్సోఫోన్ అనగానే మన వాళ్లకి గుర్తొచ్చే కద్రి గోపాల్‌నాథ్ గారు వాయించింది ఆల్టోయే, అందుకని దుకాణాల్లో కూడా అడక్కుండానే ఆల్టోది చేతిలో పెట్టే అవకాశం ఉంది.

నంబర్ల గురించి ఒక మాట. అవి చెప్పుల సైజుల్లాంటివి, కంపెనీకో లెక్క. ఓటో లింక్ ఏడు అంటే సందు సుమారు 2.54 మిల్లీమీటర్లు, ఆరు అంటే 2.3 దగ్గర. బెర్గ్ లార్సెన్ వాళ్లు తిన్నగా అంగుళంలో వెయ్యోవంతుల్లోనే రాస్తారు, 100 అంటే మళ్లీ ఆ 2.54యే. యమహాలో 4 నుంచి 5కి పోతే తేడా మిల్లీమీటరులో పదో వంతు. పేరు లేని వాటి మీద నంబరు మాత్రం నమ్మడానికి లేదు. ఏడు అని రాసి ఉన్నదాన్ని కొలిస్తే ఎనిమిది తేలడం నేను చూశాను. అందుకని ఇంటికి రాగానే కొలవాలి. దీనికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. మీ వీధిలో బుల్లెట్లు బాగుచేసే మెకానిక్ ఉంటాడు కదా, ట్యాపెట్లు సరిచేసే ఫీలర్ గేజ్ అతని దగ్గర ఉంటుంది. సన్నటి ఉక్కు రేకులు విసనకర్రలా ఉంటాయి, ప్రతి రేకు మీద మందం రాసి ఉంటుంది. ఒక పూట అడిగి తెచ్చుకో. గ్రీజు తుడుచుకోవడం మర్చిపోకు.

ఒక మందపాటి అద్దం ముక్క తీసుకుని బల్ల మీద పెట్టు. మౌత్‌పీస్‌ని రీడు కట్టే వైపు కిందకి తిప్పి దాని మీద ఉంచు. చదునుగా ఉన్న భాగం అద్దానికి ఆనుతుంది, కొస పైకి లేచి ఉంటుంది. ముందు ఆ చదును భాగాన్ని వేళ్లతో అటూ ఇటూ నొక్కి చూడు. ఊగిందంటే అక్కడితో పరీక్ష అయిపోయినట్టే, వాపసు పెట్టెలో పెట్టేయ్. రీడు ఆనాల్సిన చోటే వంకర ఉంటే ఇంకేమీ బాగుండదు. ఊగకపోతే రేకులు ఒకదాని మీద ఒకటి పేర్చి, కొసకీ అద్దానికీ మధ్య దూర్చి చూడు. ఒరుసుకుంటూ సరిపోయినన్ని రేకుల మొత్తం మందమే నీ సందు. 2.3కీ 2.6కీ మధ్య తేలితే ఉంచుకో.

తరవాత అన్నిటికన్నా సన్నటి రేకు ఒక్కటే తీసుకుని, కొస వైపు నుంచి మెల్లగా లోపలికి తొయ్యి. రీడు కప్పే కిటికీలాంటి ఖాళీకి రెండు పక్కలా సన్నటి గట్లు ఉంటాయి. రేకు ఒక చోట ఆగిపోతుంది. అది ఆగినప్పుడు తిన్నగా ఉందా, ఒక పక్కకి వంగి ఉందా చూడు. వంగి ఉంటే రెండు గట్లూ సమానంగా లేవన్నమాట. అలాంటిది కీచుమంటుంది. ఎంత ఊపిరి పట్టినా, ఏ రీడు మార్చినా కీచుమంటూనే ఉంటుంది, నువ్వేమో నీ వాయింపులో తప్పుందని కుమిలిపోతుంటావు. నేను రెండేళ్లు అలా కుమిలాను.

కొస అంచు కూడా చూడు. అది గోరు అంచులా సన్నగా, రీడు కొస ఏ వంపులో ఉందో అదే వంపులో ఉండాలి. చవక వాటిలో అక్కడ మందంగా వదిలేస్తారు. మందంగా ఉంటే శబ్దం ముసుగేసినట్టు వస్తుంది. లోపల పట్టినంత దూరం వేలు పెట్టి తడుము, పూత కింద గరుకులు, ముద్దలు తగిలితే పని సరిగ్గా చేయలేదని అర్థం.

ఆఖరికి నోటి పరీక్ష. రీడు తడిపి బిగించు. మెడకి తొడిగే వైపు రంధ్రాన్ని అరచేత్తో గట్టిగా మూసి, నోటితో లోపలి గాలి అంతా పీల్చి, నోట్లోంచి తీసెయ్. రీడు అంచుకి అతుక్కుని ఒకటి రెండు సెకన్లు ఆగి, ‘టప్’మని విడిపోవాలి. అసలు అతుక్కోకపోతే రెండో రీడుతో, మూడో రీడుతో చూడు. మూడింటికీ అంతే అయితే రీడ్ల తప్పు కాదు.

ఇవన్నీ దాటిందంటే వాయించు. గట్టిగా వాయించి మురిసిపోకు, కొత్త మెటల్‌ది ఎవరికైనా గట్టిగానే మోగుతుంది. అన్నిటికన్నా కింది స్వరం మెల్లగా ఎత్తు, పక్క గదిలో పసిపిల్ల పడుకుందనుకో. అది తడబడకుండా వస్తే మంచి సరుకు. తరవాత ఫోన్‌లో ట్యూనర్ పెట్టుకుని కింది స్థాయి, మధ్య స్థాయి, పై స్థాయి ఒకే స్వరం పట్టి చూడు. చేంబర్ చిన్నదైతే శ్రుతి పైకెక్కుతుంది, మౌత్‌పీస్‌ని కార్కు మీద కొంచెం వెనక్కి లాగి సరిచేసుకోవాలి. ఊడి చేతిలోకి వచ్చేటంత లాగినా దిగకపోతే అది నీ వాద్యానికి జోడు కాదు. చర్చిలో కీబోర్డు పక్కన మొదటి ఆదివారమే బయటపడుతుంది.

చర్చి అనుకోగానే గుర్తొచ్చింది. ఏది కొన్నా నీ 4సి ఎవరికీ ఇవ్వకు, అమ్మకు. క్వయిర్‌లో పిల్లలు పాడుతుంటే పక్కన ఎత్తు బాఫిల్‌ది వాయిస్తే పాస్టరుగారు ఊరుకున్నా పిల్లల తల్లులు ఊరుకోరు. అక్కడ 4సి, రోడ్డు మీద కొత్తది. నేను సన్నాయి మేళంవాళ్లని చూసి ఈ అలవాటు నేర్చుకున్నాను. వాళ్ల మెళ్లో దారానికి నాలుగైదు పీకలు వేలాడుతుంటాయి, గుడిలో ఒకటి, ఊరేగింపులో ఒకటి. మనమే ఒక్కదాంతో లోకమంతా ఏలాలనుకుంటాం.

రీడు మాట మర్చిపోయేవాణ్ణి. సందు పెరిగితే రీడు మెత్తబడాలి. 4సి మీద రెండున్నర వాడుతున్నావు కాబట్టి కొత్తదాని మీద రెండుతో మొదలుపెట్టు. నామోషీ అనుకోకు. ఏ మేళంలోనూ రీడు నంబరు చూసి పావలా ఎక్కువివ్వరు. వాండొరెన్‌ది అదే నంబరు రికో కన్నా గట్టిగా ఉంటుంది, కంపెనీ మార్చితే ఆ సంగతి గుర్తుంచుకో. మిగిలే డబ్బుల్లో ఒక పెట్టె రీడ్లు తప్పక కొను.

రీడుని బిగించే లిగేచర్, మౌత్‌పీస్ మూత కూడా కొత్తవి కావాలి. నీ 4సి లిగేచర్ సన్నటి మెటల్ ముక్కు మీద బక్క చేతికి పెద్ద గాజులా జారిపోతుంది. చాలావాటితో లిగేచర్ కలిపే ఇస్తారు, ఉందో లేదో చూసి కొను. మెడ కార్కుకి కొత్తది వదులైతే ప్లంబర్లు వాడే తెల్ల టేపు రెండు చుట్లు చుట్టు, పది రూపాయల వైద్యం. బిగుతుగా ఉంటే బలవంతంగా తిప్పకు, మెడ వంగిపోతుంది. కార్కు గ్రీజు రాసి చూడు, అప్పటికీ ఎక్కకపోతే సన్నటి గరుకు కాగితంతో కార్కుని కొద్దికొద్దిగా తగ్గించు.

గరుకు కాగితం అన్నాను కాబట్టి ఇది కూడా చెప్పాలి. ఆ కాగితాన్ని కార్కు దాటి మౌత్‌పీస్ దాకా రానివ్వకు. అస్కా రోడ్డు పెళ్లి తరవాత ఆ తొమ్మిదో నంబరుని నేనే బాగుచేసుకుంటానని అద్దం మీద గరుకు కాగితం పరిచి, చదును భాగాన్ని రుద్దడం మొదలుపెట్టాను. కొంచెం రుద్దితే సందు తగ్గుతుందని నా ఊహ. తగ్గింది కూడా. ఆ ఉత్సాహంలో ఇంకాస్త, ఇంకాస్త. ఒక పక్క చెయ్యి ఎక్కువ బరువు వేస్తోందని నాకు తెలియలేదు. సాయంత్రానికి అద్దం మీద బంగారు పొడి, చేతిలో వంకర ఇత్తడి. తరవాత బెల్లగుంఠలో ఇత్తడి చేపలు చేసే ఒకాయనకి చూపించాను. పొలుసు పొలుసుగా కదిలే చేప చేసే చెయ్యి కదా, ఇది ఎంతలే అనుకున్నాను. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, దీని మీద తీసేసింది మళ్లీ పెట్టడం నా వల్ల కాదు అన్నాడు, నిజాయితీగా. ఈ పని కోసమే ఉండే మనుషులు ఉంటారు, కొలతలు రాసుకుని, వెయ్యోవంతులు లెక్కపెట్టుకుంటూ చేస్తారు. రెండు వేల వస్తువుకి వాళ్ల కూలి గిట్టదు. అందుకే వాపసు, వాపసు అని మొత్తుకుంటున్నాను.

మెటల్‌కి ఉన్న ఇంకో గుణం చలి. మీ కొండల్లో డిసెంబరు, జనవరి రాత్రుల్లో జేబులోంచి తీసి నోట్లో పెట్టుకుంటే పళ్లు జివ్వుమంటాయి. శ్రుతి కూడా కిందకి ఉంటుంది, పది నిమిషాలు ఊదాక గానీ ఎక్కదు. మేళం మొదలయ్యే ముందు గుప్పిట్లో పట్టుకుని వెచ్చబెట్టుకో. పై పళ్లు ఆనే చోట చిన్న రబ్బరు అతుకు అంటించు, వాద్యాల దుకాణాల్లో దొరుకుతుంది. అది లేకపోతే అదురు తిన్నగా పుర్రెలోకి ఎక్కుతుంది, పూత కూడా అక్కడే ముందు లేస్తుంది. పూత లేచి ఇత్తడి బయటపడి పచ్చగా చిలుము పట్టడం మొదలైతే ఇంక దాన్ని నోట్లో పెట్టుకోవద్దు.

ఎప్పుడు కొనాలని అడగలేదు గానీ చెబుతాను. ఆషాఢంలో కొను. మనకి పెళ్లిళ్లుండవు. కొత్తదానికి పెదవి అలవాటు పడాలంటే రోజూ పావుగంట ఒక్కో స్వరాన్నే పట్టుకుని సాగదీయాలి, కనీసం మూడు వారాలు. ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు. నాగావళి ఒడ్డుకి పో. మీ మాష్టారు మళ్లీ ఎనిమిదో నంబరు మాట ఎత్తితే, ఆయనదే ఒక సాయంత్రం అడిగి తీసుకుని గంటసేపు ఆపకుండా వాయించి చూడు. గంట తరవాత కూడా పై స్వరాలు నిలబడితే, నేను రాసిందంతా పక్కన పెట్టి ఆయన మాటే విను.

కడగడానికి గోరువెచ్చని నీళ్లు, కాస్త సబ్బు, మెత్తటి గుడ్డ చాలు. వాయించిన రాత్రే తుడిచి పెట్టు. ఇంట్లో అమ్మకి మాత్రం ముందే చెప్పి ఉంచు. ఇత్తడి రంగులో ఉన్నది గట్టు మీద కనపడితే చింతపండు పెట్టి తోమేస్తారు. మా ఇంట్లో ఒకటి అలాగే తోమించుకుంది. తళతళా మెరిసింది, పూత ఒక్క పిసరు మిగల్లేదు.